హాల్లో లైట్లు వేసిన మనిషి

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్లం ఒక హైస్కూల్ హాల్లో చేసుకున్న మొన్నటి ఉగాది వేడుకలో చివరి ఐటమ్ జరగలేదని వచ్చినవాళ్లందరికీ తెలుసు. తొమ్మిదీ ముప్పావుకి హైస్కూల్ కస్టోడియన్, అంటే బిల్డింగ్ చూసుకునే ఉద్యోగి, వచ్చి హాల్లో లైట్లన్నీ వేశాడు. పదింటికల్లా ఖాళీ చెయ్యాలన్నాడు. అప్పటికి పన్నెండు మంది ఆడపిల్లలు పట్టు లంగాలతో, చేతుల్లో కోలాటం కర్రలతో స్టేజీ పక్కన వరసగా నిలబడి ఉన్నారు. ఆ తర్వాత పావుగంటలో ఏం జరిగిందో మాత్రం చాలామంది చూసి ఉండరు. నేను స్టేజీ మెట్ల దగ్గరే ఉన్నాను కాబట్టి చూశాను.

"ఐదు నిమిషాలు" అన్నారు ఒకరు. "ఈ ఒక్కటీ అయిపోతే వెళ్లిపోతాం" అన్నారు ఇంకొకరు. ఆయన ఇద్దరికీ ఒకటే చెప్పాడు. పదికి అలారం పెట్టాలి, ఒప్పందంలో అదే ఉంది, టైం పొడిగించే అధికారం నాకు లేదు అని. మన యాస వల్ల వినడం లేదనుకున్నారో ఏమో, వాలంటీర్‌గా ఉన్న పదిహేనేళ్ల అమ్మాయిని పిలిచి "నువ్వడుగమ్మా, నీ ఇంగ్లీషైతే వింటాడు" అన్నారు. ఆ పిల్ల మూడుసార్లు అడిగింది. మూడోసారి ఆయన మొహంలోకి చూడలేక, ఆయన నడుముకి వేలాడుతున్న తాళాల గుత్తి వైపు చూస్తూ అడిగింది. తర్వాత మన పెద్దల్లో ఒకాయన వంద డాలర్ల నోటు తీసి ఆయన చేతిలో పెట్టబోయారు. ఆయన రెండు చేతులూ పైకెత్తి రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు మనవాళ్లెవరో తెలుగులో ఒక మాట అన్నారు. ఆ మాట ఇక్కడ రాయను. ఆయనకి అది అర్థం కాలేదు. పక్కనే ఉన్న పన్నెండు మంది పిల్లలకీ అర్థమైంది.

ఆ రాత్రి నుంచీ మన వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఇక్కడివాళ్లకి మానవత్వం లేదని, అంతా రూల్సేనని, వచ్చేసారి వేరే స్కూలు చూద్దామని. చదివి చదివి ఇక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ఆ "ఐదు నిమిషాలు" ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. నేనూ అక్కడి నుంచే వచ్చాను. నరసరావుపేటలో మా వీధి చివర ఒక మందుల షాపు ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక రాత్రి తమ్ముడికి జ్వరం పెరిగి ఫిట్స్ వస్తే, నాన్న నన్ను వెంటబెట్టుకుని పరిగెత్తారు. షట్టర్ దించేసి ఉంది. నాన్న అరచేత్తో రెండుసార్లు కొట్టారు. "కట్టేశామండీ" అని లోపలి నుంచి గొంతు వినిపించింది. నాన్న మళ్లీ కొట్టారు. షట్టర్ నా నడుము ఎత్తుకి లేచింది. లుంగీలో ఉన్న షాపాయన వంగి బయటికి చూసి, "మీరా మాస్టారూ, ఎవరికి బాగోలేదు?" అన్నాడు. మందు ఇచ్చాడు, డబ్బులు రేపు చూద్దాం లెమ్మన్నాడు. షట్టర్ కిందనుంచి రోడ్డు మీద పడిన ఆ వెలుగు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. అలా సగం లేచిన షట్టర్లే మమ్మల్ని పెంచాయి.

అక్కడ మనం నేర్చుకున్నది ఒకటే. "కుదరదు" అంటే మాట మొదలైందని అర్థం. మొదటిసారి కుదరదంటారు. రెండోసారి అడిగితే మీది ఏ ఊరని అడుగుతారు. మూడోసారికి ఎవరో తెలిసినవాళ్లు బయటపడతారు, పని అయిపోతుంది. దాన్ని నేను చెడ్డ అలవాటని అనలేను. ఎవరూ తెలియనివాడి పని అక్కడ ఏమయ్యేదో కూడా చూశాను కాబట్టి గొప్పగానూ చెప్పుకోలేను. కానీ ఆ అలవాటు మన చెవుల్ని ఒక పద్ధతికి అలవాటు చేసింది. ఎదుటివాడు కుదరదన్నాక ఇంకేం చెబుతున్నాడో మనకి వినపడదు. మెత్తబడతాడా లేదా అనే చూస్తాం.

ఆ చెవులతో నేను ఎంత నష్టపోబోయానో చెబుతాను. 2004లో న్యూజెర్సీలో మా పెద్దమ్మాయి పుట్టింది. పద్దెనిమిదో రోజున ఆసుపత్రి నుంచి పాప పేరు మీద వేరే బిల్లు వచ్చింది. పేరంటే పేరు కూడా కాదు, "బేబీ గర్ల్" అని, పక్కన మా ఇంటిపేరు. ఆ అంకె నా నెల జీతానికి రెండింతలుంది. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ డబ్బు కట్టలేదట. మా ఆవిడ ఇంకా మంచం మీదే ఉంది, అత్తగారి వీసా రాలేదు, రాత్రుళ్లు నిద్ర లేదు. ఆ టెన్షన్లో ఆసుపత్రి బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. తొమ్మిది రోజుల్లో ఐదుసార్లు చేశాను. ప్రతిసారీ ఇరవై, ముప్పై నిమిషాలు ఆ సంగీతం వినడం, ఇంటిపేరు ఒక్కొక్క అక్షరం విడదీసి "వి ఫర్ విక్టర్" అంటూ చెప్పడం, ఫస్ట్ నేమ్ ఏదో లాస్ట్ నేమ్ ఏదో మళ్లీ మొదటికి రావడం. మూడోసారి గట్టిగా అరిచాను. గొంతు తగ్గించకపోతే ఫోన్ పెట్టేస్తానని హెచ్చరించి ఒకామె నిజంగానే పెట్టేసింది. ఈ దేశం నన్ను పురుగులా చూస్తోందని ఆ రోజు కన్నీళ్లు పెట్టుకున్నాను.

ఐదోసారి, ఇరవై ఏడో రోజున, గొంతులో కాస్త వయసు తెలుస్తున్న ఒకావిడ ఎత్తింది. నా మాటంతా అయ్యేదాకా ఆగి, "సర్, మీకింకా మూడు రోజులే ఉన్నాయి. నాతో మాట్లాడ్డం ఆపేసి మీ హెచ్‌ఆర్‌కి ఫోన్ చెయ్యండి" అంది. విషయం ఏమిటంటే, పాప మా ఇన్సూరెన్స్ ప్లాన్‌లో లేదు. తల్లి ఇన్సూరెన్స్ బిడ్డకి దానంతటదే వచ్చేస్తుందని నేననుకున్నాను. బిడ్డ పుట్టిన ముప్పై రోజుల్లోగా ఉద్యోగమిచ్చిన కంపెనీకి చెప్పి చేర్పించుకోవాలి. అలా చేర్పిస్తే పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. ఆరోగ్య బీమా గురించి 1996లో వచ్చిన హిపా అనే చట్టం ఇచ్చిన గడువు అది. అది దాటితే చాలా కంపెనీల్లో మళ్లీ ఏడాది చివర ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాల్సిందే.

హెచ్‌ఆర్‌తో మాట్లాడి ఒక ఫారం నింపితే పని అయిపోయింది. ఫోన్ పక్కన పెట్టుకున్న నోట్‌బుక్‌ని ఆ సాయంత్రం తిరగేశాను. మొదటి ఫోన్ రోజు పేజీలో నా చేతిరాతతోనే "30 డేస్, హెచ్‌ఆర్" అని రాసి ఉంది. దాని చుట్టూ పెన్నుతో గడి మీద గడి గీసి ఉంది. అంటే మొదటి రోజే, మొదటి మనిషే నాకు దారి చెప్పింది. నా చెయ్యి విని రాసుకుంది, నా బుర్రకి ఎక్కలేదు. ఆమె "మేమేం చెయ్యలేం" అన్న దగ్గరే ఆగిపోయాను. నేను కొడుతున్న షట్టర్ వెనక అసలు మందులే లేవు. మందులున్న షాపు ఎక్కడుందో ఆమె చెబుతూనే ఉంది.

ఇరవై ఏళ్లలో నాకు అర్థమైంది ఇదే. ఇక్కడి కౌంటర్ వెనకున్న మనిషికి చాలాసార్లు మనకి మినహాయింపు ఇచ్చే అధికారం ఉండదు. కానీ ఆ "నో" పక్కనే తర్వాత ఎవరిని అడగాలో, ఏ కాగితం కావాలో, ఎన్ని రోజుల్లోనో ఉంటుంది. మనం తొందరలో సగం మాటే వింటాం.

మా మేనల్లుడు 2006లో మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో చేరాడు. ఇక్కడి క్రెడిట్ కార్డుల కంపెనీకి పని. ఫోన్లో చెప్పుకోవడానికి వాడికి కెవిన్ అని పేరు పెట్టారు. మనకి పొద్దున పదైతే వాడికి వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. మార్చిలో, నవంబర్‌లో మనం గడియారం జరుపుకున్నప్పుడల్లా అక్కడ వాడిని తీసుకెళ్లే క్యాబ్ టైం మారిపోయేది. "మామయ్యా, తిట్టేవాళ్లతో నాకంత బాధ లేదు" అన్నాడు ఒకసారి. "పాతిక డాలర్ల దాకా ఫీజు తీసేసే అధికారం నాకిచ్చారు. ఆ పైన లేదు. లేదని చెబితే అబద్ధం అనుకుంటారు, అదే కష్టం." మన పిల్లలు తెల్లవార్లూ ఆ మాటలు పడుతున్నారని ఇదే పత్రికలో ఎంత బాధపడి రాసుకున్నాం! ఆ కస్టోడియన్ కూడా తనకి అధికారం లేదనే చెప్పాడు. మనమూ అబద్ధమనే అనుకున్నాం.

కుర్చీల సంగతి కూడా చెప్పాలి. ఆ సాయంత్రం ఆయన మూడుసార్లు వచ్చి నడవాలో వేసిన మడత కుర్చీలు తీయించాడు. ఆయన అటు వెళ్లగానే మళ్లీ వేశాం. బామ్మలకి, తాతయ్యలకి ముందు కూర్చోవాలని ఉంటుంది, నిజమే. కానీ 1942 నవంబర్ 28న బాస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ కాలిపోయి 492 మంది చనిపోయారు. వీధి వైపు తిరుగుడు తలుపు జనంతో ఇరుక్కుపోయింది, కొన్ని తలుపులకి తాళాలు వేసి ఉన్నాయి. ఈ దేశంలో తలుపుల గురించి, దారుల గురించి నిబంధనలు ఆ చావుల తర్వాత మరింత గట్టిపడ్డాయి. మనకి తెలియని పాఠమా ఇది? 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పోయారు. అక్కడ అదనంగా వేసిన సీట్లు కూడా దారికి అడ్డమయ్యాయి. నడవా ఖాళీగా ఉంచమని వచ్చినాయన మన బామ్మల కోసమే వచ్చాడు.

అలాగని ఇక్కడంతా సవ్యంగా ఉందని నేననను. మనిషి గొంతు వినాలంటే ఏడు నంబర్లు నొక్కించే పద్ధతి మంచిది కాదు. మన యాస వినగానే గొంతు మార్చేవాళ్లు ఉన్నారు. వాళ్లని భరించమని ఎవరికీ చెప్పను. పేరు రాసుకోండి, రిఫరెన్స్ నంబర్ అడగండి, సూపర్‌వైజర్‌ని పిలవమనండి, ఉత్తరం రాయండి. కానీ మనల్ని అవమానించినవాడు వేరు, తన పని తను చేస్తున్నవాడు వేరు. ఉగాది రాత్రి మన ముందున్నది రెండో మనిషి.

టైం తిన్నది కూడా ఆయన కాదు. నాలుగింటికని వేసిన కార్యక్రమం ఐదుంపావుకి మొదలైంది. సన్మానాలకీ, స్పాన్సర్ల ప్రసంగాలకీ కలిపి గంటకి పైగా పట్టింది. ఒక్క వక్తని కూడా ఆపలేకపోయినవాళ్లం, ఆఖరికి ఆయన్ని ఐదు నిమిషాలు ఆగమన్నాం.

కార్యవర్గంలో ఉన్న అన్నయ్యలకీ, వదినలకీ, తమ్ముళ్లకీ నా విన్నపం. స్కూలు మార్చకండి. వచ్చే కార్యక్రమానికి ఒక మనిషిని కేవలం ఇందుకే పెట్టండి. వారం ముందే వెళ్లి ఆయనతో మాట్లాడి, ఇంకో గంట కావాలంటే ఎవరికి రాయాలో, ఎంత కట్టాలో కనుక్కోవాలి. అడిగితే చెబుతారు. అప్పుడు ఆ వంద డాలర్లు రసీదుతో కట్టొచ్చు. ఆయనకి భోజనం ఏడింటికే, వేడిగా, మనం తినేటప్పుడే పెట్టండి. ఇంగ్లీషు బాగా వచ్చని పిల్లల్ని ఇలాంటి పనులకి ముందుకి తొయ్యకండి.

స్కూలుకి ఒకటి, ఆయనకి ఒకటి, రెండు ఉత్తరాలు రాసి పెట్టాను. ఆయన ఉత్తరం మీద పేరు రాయబోతే పేరు తెలియదని గుర్తొచ్చింది. మన కార్యక్రమాలకి ఆరేళ్లుగా తలుపులు తీస్తున్నది ఆయనే. కార్యవర్గంలో నలుగురిని అడిగాను, ఎవరికీ తెలియదు. చివరికి స్కూలు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. మీరు సంతకాలు పెడితే సోమవారం మధ్యాహ్నం నేనే తీసుకెళ్లి ఇస్తాను. మూడింటికి ఆయన డ్యూటీలోకి వస్తాడట.

ఆ పిల్లల కోలాటం ఎనిమిది నిమిషాలు. దీపావళికి జ్యోతి వెలిగించిన వెంటనే ఆ ఐటమే పెట్టండి.