వంతెన ఉండగా వాగులోకి

బండికి నీళ్ళు పడవని మా నాన్న గట్టి నమ్మకం. వాన వస్తే స్కూటర్ మీద పట్టా కప్పి, తను తడుస్తూ నడిచి వెళ్ళి పాలు తెచ్చేవాడు. అలాంటి ఇంటికి అల్లుడిగా వచ్చిన మా బావ, బండి కొన్నదే నీళ్ళలోకి దింపడానికి.

2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చింది, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. రెండూ రోడ్డు లేని చోట కూడా నడిచే మోటార్ సైకిళ్ళు. అప్పటిదాకా మంచి రోడ్డు కోసం వెతుక్కున్న మనవాళ్ళకి రోడ్డు లేని చోటు వెతుక్కోవాలన్న సరదా పుట్టింది. (దానికోసం ఊరు దాటి వెళ్ళడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా వీధికి వస్తే చాలు.) బావ సెకండ్ హ్యాండ్‌లో హిమాలయన్ తీసుకున్నాడు. "కింద 220 మిల్లీమీటర్ల క్లియరెన్స్" అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ వంగి చూపించేవాడు.

"అంతెందుకండీ, మన వీధిలో ఉన్నది ఒక్క స్పీడ్ బ్రేకరేగా?" అంది అక్క.

"నీళ్ళు దాటాలి."

"ఏ నీళ్ళు?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నీళ్ళు వెతుక్కోవాల్సి వచ్చింది.

నీళ్ళు దాటే విద్య మాత్రం ఫోన్‌లో వీడియోలు చూసి ముందే నేర్చేసుకున్నాడు. చెప్పొద్దూ, నియమాలన్నీ సరైనవే. ముందు దిగి నడిచి లోతు చూసుకోవాలి, అడుగున ఏముందో కాలికి తెలియాలి. ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ ఒకేలా పట్టుకుని, మధ్యలో క్లచ్ నొక్కకుండా వెళ్ళిపోవాలి. సైలెన్సర్ మునిగినా కంగారు పడక్కర్లేదు, ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పొగే నీళ్ళని బయటికి తోస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దాకా మాత్రం నీళ్ళు రాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చూపు అవతలి ఒడ్డు మీద ఉండాలి. నువ్వు ఎటు చూస్తే బండి అటే పోతుంది.

ఇదంతా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వాన పడ్డ మర్నాడు నిలిచిన జానెడు నీళ్ళలో సాధన చేశాడు. వాచ్‌మన్ మోటార్ పెట్టి తోడేయబోతుంటే, "ఇంకో గంట ఉంచవయ్యా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలుకున్నాడు. సాయంత్రానికి లిఫ్ట్ పక్కన సెక్రటరీ గారి నోటీసు వెలిసింది: సెల్లార్‌లో నీరు ఉన్న సమయమున వాహన విన్యాసములు నిషేధం.

ఇక మారేడుమిల్లి అన్నాడు బావ. కార్తీక మాసం. వానలు తగ్గి, వాగుల్లో నీళ్ళు తేటపడి, మోకాలి లోతుకి దిగే రోజులు. వానాకాలంలో ఆ పని ఎవరూ చేయకూడదు. పై కొండల్లో ఎక్కడో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఎర్రనీళ్ళు వచ్చిపడతాయి. అక్కడివాళ్ళు నీటి రంగు చూసే ఆగిపోతారు.

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా వెళ్తే మారేడుమిల్లి 80 కిలోమీటర్ల పైచిలుకు. దానికి తెల్లవారుజామున మూడున్నరకి లేపేశాడు. ఎందుకయ్యా అంటే, మధ్యాహ్నానికి వాగులో నీళ్ళు పెరుగుతాయట. మనాలీ నుంచి లేహ్ వెళ్ళే దారిలో నిజంగానే పెరుగుతాయి. ఎండెక్కేకొద్దీ మంచు కరుగుతుంది కాబట్టి అక్కడివాళ్ళు పొద్దున్నే దాటేస్తారు. మన తూర్పు కనుమల్లో మంచెక్కడుంది బావా అని నేను అడగలేదు. మూడున్నరకి లేచినవాడికి వాదించే ఓపిక ఉండదు.

నేను, మా పక్కింటి కుర్రాడు స్కూటీ మీద వెనకాల బయల్దేరాం. కుర్రాడి పని వీడియో తీయడం. మారేడుమిల్లిలో టిఫిన్ చేసి, మెయిన్ రోడ్డు వదిలి లోపలి ఊళ్ళ వైపు తిరిగాక బావ కలలుగన్న వాగు కనిపించింది. దాని మీద వంతెన కూడా కనిపించింది. కొత్తది, సున్నం మెరుపు ఇంకా పోలేదు.

"బావా, బ్రిడ్జి ఉందిగా" అన్నాను.

"అది జనానికి" అన్నాడు.

వంతెన పక్కనుంచి పాత బండిదారి నీళ్ళలోకి దిగుతుంది. బావ సిద్ధమవడానికి అరగంట పట్టింది. మోకాళ్ళకి కవచాలు, మెరిసే చారల జాకెట్, హెల్మెట్, వాటర్‌ప్రూఫ్ బూట్లు. కర్ర పుచ్చుకుని వాగులోకి నడిచి, వంతెన స్తంభం పక్కన ఒకసారి, మధ్యలో ఒకసారి పొడిచి లోతు చూశాడు. ఒకచోట అనుకున్నదానికంటే లోతుండి బూటు పైనుంచి నీళ్ళు లోపలికి పోయాయి. వాటర్‌ప్రూఫ్ బూటుకి ఒక గుణముంది, బయటి నీటిని ఎంత పట్టుదలగా ఆపుతుందో, లోపలికి పోయిన నీటిని అంత పట్టుదలగానూ దాచుకుంటుంది. అడుగేస్తే లోపల్నుంచి ఆవులింత లాంటి చప్పుడు.

దాటాడు. నిజం చెప్పాలంటే చాలా బాగా దాటాడు. నీళ్ళు రెండు వైపులా లేచాయి, బండి అటూ ఇటూ ఊగినా ఆగలేదు. అవతలి గట్టెక్కి చెయ్యెత్తి, "వచ్చిందా?" అని అరిచాడు.

కుర్రాడు ఫోన్ చూసుకుని మొహం వేలాడేశాడు. వాడు ఎప్పుడో టిఫిన్ దగ్గరే రికార్డింగ్ నొక్కేశాడు. బావ నీళ్ళలోకి దిగగానే మళ్ళీ నొక్కాడు. ఫోన్ నిండా వాడి చెప్పులు, నా ప్యాంటు, రెండు ప్లేట్ల పూరీ ఉన్నాయి.

బావ ఏమీ అనలేదు. నీళ్ళలోంచే వెనక్కి వచ్చాడు. కుర్రాణ్ణి వంతెన మీద మధ్యలో నిలబెట్టాడు, పైనుంచి తీస్తే బాగుంటుందని.

ఈలోగా వంతెన దగ్గర ఇంకేదో జరుగుతోంది. మేకల్ని తోలుకొస్తున్న ఒక తాత వంతెన మొదట్లో ఆగిపోయాడు. వెనకాల సంతకి వెళ్ళే షేర్ ఆటో ఆగింది. నెత్తిన గంపలతో నలుగురు ఆడవాళ్ళు ఆగారు. ఎవరూ వంతెన ఎక్కడం లేదు.

తాత నన్ను పక్కకి పిలిచాడు. "అయ్యగారు బ్రిడ్జీల డిపార్ట్‌మెంటేనా బాబూ?"

"కాదు తాతా, మా బావ."

"మరి బ్రిడ్జీ ఎక్కకుండా నీళ్ళలోంచి ఎందుకెళ్తన్నారు? స్తంభం దగ్గర కర్రెట్టి పొడిచి చూశారుగా."

సరదాకి అన్నాను. తాత నమ్మలేదు. నమ్మడానికి వీల్లేదు కూడా. వాగు పొంగితే డోలీ కట్టి రోగిని మోసిన మనిషికి, పొడి వంతెన పైనుండగా సరదాకి వాగులో దిగేవాళ్ళు ఉంటారని ఏ ముఖంతో చెబుతాం? చారల జాకెట్ వేసుకున్న పెద్దమనిషి తనంతట తను బ్రిడ్జి మానేశాడంటే అందులో ఏదో ఉండే ఉంటుంది.

బావ మళ్ళీ దిగాడు. ఈసారి నీళ్ళు తేటగా లేవు, తను కలిపిన బురదే. సరిగ్గా సగానికి వచ్చేసరికి ఆటో డ్రైవర్ పైనుంచి వంగి, "సార్! పగుళ్ళేమన్నా ఉన్నాయా సార్?" అని కేకేశాడు.

బావ మర్యాదస్తుడు. తలెత్తి చూశాడు. ఎటు చూస్తే బండి అటే పోతుందన్న నియమం ఎంత సరైనదో అప్పుడు అందరికీ తెలిసింది. బండి స్తంభం వైపు తిరిగింది. గాభరాలో క్లచ్ నొక్కాడు, ముందు చక్రం పాచిపట్టిన గుండ్రాయి ఎక్కింది, దాదాపు రెండు వందల కిలోల బండి నిదానంగా పక్కకి ఒరిగింది. పడిపోతూనే స్విచ్ ఆఫ్ చేశాడు, దానికి మెచ్చుకోవాలి. నీళ్ళలోంచి తల పైకెత్తి అడిగిన మొదటి మాట: "రికార్డయిందా?"

కాలేదు. కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుని కాపాడ్డానికి పరిగెత్తుకొస్తున్నాడు. మంచి పిల్లాడు.

ఆటోలో వాళ్ళూ, మేమూ కలిసి బండిని లేపి, దగ్గరగా ఉంది కదా అని అవతలి ఒడ్డుకే తోశాం. ఎవరో సెల్ఫ్ నొక్కబోతే బావ గావుకేక పెట్టాడు.

"నొక్కకండి! గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. లోపల నీళ్ళుండగా నొక్కితే రాడ్డు వంగిపోతుంది!"

బావ చెప్పింది ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్డు గురించి. గట్టు మీదివాళ్ళకి వినిపించింది చివరి ముక్క. ఆ ముక్క వంతెన పొడుగునా పాకి అటు చివరికి చేరేసరికి, "లోపల రాడ్లు వంగిపోయినయ్యంట" అయింది. గంపలు నెత్తిమీంచి కిందికి దిగాయి. ఒకామె సంతకి పోయిన కొడుక్కి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు చుట్టూ తిరిగి రమ్మని చెప్పింది.

ఇక్కడ బావ ప్లగ్ విప్పాడు. ప్లగ్ తీసి సెల్ఫ్ నొక్కితే సిలిండర్‌లో నీళ్ళు ఆ రంధ్రంలోంచి చిమ్ముతాయి. అప్పుడు దాని ఎదురుగా మొహం పెట్టకూడదు. ఆ సంగతి ఆటో డ్రైవర్‌కి చెప్పడం మర్చిపోయాం. ఎయిర్ ఫిల్టర్ పిండి ఎండలో పెట్టాం. ఇంజిన్ ఆయిల్ పాలరంగుకి తిరిగితే లోపలికి నీళ్ళు పోయినట్టే లెక్క. పక్కనున్న చిన్న గాజులోంచి బావ చాలాసేపు చూశాడు. తిరగలేదు. ప్లగ్ తుడిచి బిగించాక, బండి రెండుసార్లు దగ్గి, తెల్లగా ఆవిరి కక్కి, స్టార్ట్ అయింది.

"రాడ్డుకేం కాలేదు!" అని బావ ఆనందంగా అరిచాడు.

వంతెన అవతలివైపు నుంచి చప్పట్లు వినిపించాయి.

ఇల్లు ఇవతలి ఒడ్డున ఉంది. మళ్ళీ వాగులో దిగే ధైర్యం బావకి లేదు, దిగనిచ్చే ఓపిక మాకు లేదు. బండి వంతెన ఎక్కించాడు. తడిసిన బ్రేకులు పట్టేదాకా కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ, చీమ నడకన, స్తంభం స్తంభం దగ్గరా ఆగినంత పని చేస్తూ వచ్చాడు. చూసేవాళ్ళకి అది అచ్చం తనిఖీయే. ఈ చివర ఆటో డ్రైవర్ మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"మేం ఎక్కొచ్చా సార్?"

బావ నా వైపు చూశాడు. నేను కొండల వైపు చూశాను.

"ఎక్కండి. గట్టిగానే ఉంది" అన్నాడు.

ముందు మేకలు, వెనక గంపలు, ఆ వెనక ఆటో కదిలాయి. తాత మాత్రం బావ హ్యాండిల్ పట్టుకుని వదల్లేదు.

"ఎలాగూ వచ్చారు, మా బడి గోడ కూడా ఓసారి చూసి పోండి బాబూ. ఎంతమందికి చెప్పినా ఎవరూ రావట్లేదు."