గుడ్డు పిల్ల అవలేదా? అయితే క్యాప్సూల్ పిండేయండి!

ఇప్పుడే ఇంకో ఫార్వర్డ్ వచ్చి పడింది. ఫించ్‌ల (గింజలు తినే బుల్లి పెంపుడు పిట్టలు) గూట్లో ఐదు గుడ్లున్నాయి, ఒక్క పిల్లా రాలేదు, ఏం చేయాలని ఎవరో పాపం అడిగితే దానికి జవాబు చూడండి: "400 ఐయూ విటమిన్ ఈ క్యాప్సూల్‌కి సూదితో చిల్లు పెట్టి నీళ్ళ గిన్నెలో పిండండి, నెలలో ఫలితం." కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒళ్ళు మండిపోయింది.

అయ్యా, అది నూనె. నీళ్ళలో కలవదు, పైన తేలుతుంది. ముందు తాగిన పిట్టకి ముక్కు నిండా నూనె, ఆఖర్న తాగినదానికి వట్టి నీళ్ళు. ఆ ముక్కుతోనే అది ఈకలు సవరించుకుంటే అవి కాస్తా అట్టకట్టుకుపోతాయి. జీబ్రా ఫించ్ బరువెంతో తెలుసా? 12 నుంచి 15 గ్రాములు. రోజుకి తినే గింజలు అటూ ఇటుగా 3 గ్రాములు. దానికి రోజుకి ఒక్క ఐయూ (విటమిన్ కొలిచే యూనిట్) కూడా పట్టదు, మీరు 400 పిండుతున్నారు. విటమిన్ ఈ మరీ ఎక్కువైతే డి, కె విటమిన్లు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. డి లేకపోతే క్యాల్షియం పట్టదు. క్యాల్షియం లేకపోతే పెంకు మెత్తబడి గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది. పిల్లల కోసం వేసిన మందు పెట్ట ప్రాణం మీదకి తెస్తుందన్నమాట. భలే వైద్యం!

అసలు అవి వట్టి గుడ్లో (మగది కలవక పిండమే కట్టనివి) కాదో చూసినవాడున్నాడా? అడిగినాయన చెప్పలేదు, చెప్పినాయన అడగలేదు. పుండొకచోట, మందొకచోట. గుడ్డు పెట్టిన రోజు నుంచి కాదు, జంట గూట్లో కుదురుగా కూర్చోవడం మొదలైన రోజు నుంచి లెక్కేసి ఆరో రోజు చీకట్లో చూడాలి. గుడ్డు చేత్తో ఎత్తొద్దు, పెంకు పల్చన. చిన్న ఎల్‌ఈడీ టార్చ్‌ని లావుగా ఉన్న వైపు ఆనించండి, చాలు. సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు, మధ్యలో ఓ నల్ల చుక్క కనిపిస్తే మగది తన పని తాను చేసినట్టే. అలాంటి గుడ్డులో తర్వాత పిల్ల చచ్చిపోయిందంటే తప్పు ఇంకెక్కడో ఉంది: తేమ చాలకపోవడం, గూడు మురికి, మీరు గంటకోసారి తొంగిచూస్తుంటే బెదిరి లేచిపోవడం, తోబుట్టువుల్ని జత కట్టడం, లేదా పెట్ట తిండిలోనే లోటు. పచ్చసొనలోకి వెళ్ళేది పెట్ట ఒంట్లో ఉన్నదే కదా, కొత్తగా ఎక్కడినుంచి వస్తుంది? నరాలే లేకుండా లేత పసుపుగా మెరిస్తే అప్పుడు వట్టి గుడ్డు అనుకోవచ్చు. అదీ నూటికి నూరు కాదు. మొదటి ఒకట్రెండు రోజుల్లోనే చచ్చిన పిండం టార్చ్‌కి దొరకదు.

సరే, వట్టి గుడ్డే అనుకుందాం. ముందు కేజ్‌లో పిట్టలు కూర్చునే కర్ర పట్టుకుని కదిపి చూడండి. తిరుగుతోందా? జత కట్టేది దాదాపు ఎప్పుడూ దాని మీదే, అదీ రెండు మూడు సెకన్ల పని. కర్ర తిరిగితే మగది జారిపోతుంది. బిగించండి. ఈ సలహాకి ఎవరూ చేతులు జోడించరు, ఎందుకంటే ఇందులో కొనడానికేం లేదు. గోళ్ళు వంకర తిరిగాయా? ఈకలు రాలుస్తున్నాయా? మీది బెంగాలీస్ ఫించ్ అనే ఇంకో రకం అయితే అసలు ఆ జంటలో మగదుందా? చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, పాడేది మాత్రం మగదే. ఒకే గూట్లో ఎనిమిది, పది గుడ్లు కనిపిస్తే రెండూ పెట్టలే అయ్యుంటాయి. "గ్యారంటీ జత" అని అంటగట్టినవాడి దగ్గర మాత్రం నోరు లేవదు. ఎన్ని క్యాప్సూల్స్ పిండినా పెట్ట పోతు అవదు సార్.

ఇక తిండి. దీన్ని సీసాల్లోకెక్కించి అమ్ముతున్నారు గానీ, ఆస్ట్రేలియా మెట్టప్రాంతాల్లో జీబ్రా ఫించ్ గూడు కట్టేది వానలు పడి గడ్డి గింజ పాలుపోసుకున్నప్పుడు. ఎండు గింజల రోజులు పోయి పచ్చి గింజ దొరకడమే దాని ఒంటికి అందే కబురు. మనం చేయాల్సిందీ అదే. ఆడామగా వేరుగా ఉంచి నాలుగైదు వారాలు కొర్రలు, వరిగల లాంటి ఎండు గింజలు, కాస్త ఆకుకూర, కటిల్‌బోన్ (క్యాల్షియం కోసం పెట్టే కటిల్‌ఫిష్ ఎముక). అంతే. జత కలపడానికి మూడు వారాల ముందు మొలకలు, ఉడికించిన కోడిగుడ్డు పెట్టడం మొదలుపెట్టాలి. గింజల్ని 8 గంటలు నానబెట్టి, జల్లెట్లో వంపి, ఆరేడు గంటలకోసారి కడుగుతూ ఉంటే ఒక రోజు దాటేసరికి తెల్ల మొన కనిపిస్తుంది. అప్పుడే పెట్టాలి, బారెడు పొడుగు వచ్చేదాకా ఆగడం కాదు. పుల్లటి వాసనొస్తే మొహమాటం లేకుండా పారెయ్యండి. వందలో ఎనభై మొలకెత్తలేదా, ఆ గింజలే పాతవి. మీ అసలు జబ్బు ఆ డబ్బాలోనే ఉంది.

కోడిగుడ్డుని 10 నిమిషాలు ఉడికించి, చిదిమి, జంటకి ఒక టీస్పూన్, వారానికి రెండు మూడుసార్లు. గింజల్లో తక్కువుండే లైసిన్ అనే అమైనో ఆమ్లం దీంట్లో దొరుకుతుంది. వేడి రోజుల్లో రెండు గంటలకి తీసేయాలి. పిల్లలొచ్చాక రోజూ పెట్టండి, ఎవరూ కాదనరు. మల్టీవిటమిన్ పొడి వేయాలనే ఉంటే ఈ గుడ్డు మీదో, తడి మొలకల మీదో చల్లండి. ఎండు గింజల మీద చల్లే మహానుభావులకి ఓ దణ్ణం. ఫించ్ పొట్టు ఒలిచి గింజ తింటుంది, మీ పొడి పొట్టుతో పాటు కేజ్ అడుక్కి పోతుంది. నీళ్ళలో వేస్తే వెలుతురుకి కొన్ని విటమిన్లు చెడతాయి, గిన్నె జిగురు కడుతుంది, రుచి మారితే పిట్ట తాగడమే తగ్గిస్తుంది.

క్యాల్షియం సంగతి కూడా ఇంతే. పాలకూర బోలెడు పెడతారు, అందులోని ఆక్సలేట్లు ఆ క్యాల్షియాన్నే పట్టేస్తాయి. కిటికీ అద్దం పక్కన కేజ్ పెట్టి ఎండ తగులుతోంది అంటారు, ఒంట్లో డి3 విటమిన్ తయారవడానికి కావలసిన యూవీబీ (ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలు)ని ఆ అద్దమే ఆపేస్తుంది. అని చెప్తే రెండు రకాల సీసాలు కొంటారు, రెంటిలోనూ డి3. మోతాదు మించితే మూత్రపిండాల్లో క్యాల్షియం పేరుకుంటుంది. ఒక్క మందు చాలు, లేబుల్ మీద ఉన్నంతే.

ఇదంతా ఒక ఎత్తు, 365 రోజులూ గూడు వేలాడదీసే బాపతు ఒక ఎత్తు. అసలు కడుపుమంట నాకు వీళ్ళ మీదే. మూడు నెలల పిల్లని జత కట్టేస్తారు, గుడ్లు తీసేస్తారు, వారం పది రోజుల్లో మళ్ళీ పెడుతుంది, మళ్ళీ తీసేస్తారు. తిండిలో క్యాల్షియం చాలకపోతే పెంకుకి కావలసింది దాని ఎముకల్లోంచి గీకి తేవాల్సిందే. ఓ పొద్దున ఒళ్ళు ఉబ్బించుకుని, తోక ఎగరేస్తూ కేజ్ అడుగున కూర్చుంటుంది. గుడ్డు ఇరుక్కుంది. 30 డిగ్రీల వెచ్చదనం, కాస్త తేమ ఇచ్చి పక్షుల డాక్టర్ దగ్గరకి పరిగెత్తాల్సిన వేళ, ఈ పెద్దమనుషులు పొట్ట నొక్కుతారు. గుడ్డు లోపల పగిలిందంటే ఇక అది దక్కడం కష్టం. ఏడాదికి రెండు, మహా అయితే మూడు కాన్పులు. తర్వాత గూడు దించి ఆడామగా వేరు చేయాలి. ఆరు నెలలు నిండని పెట్టకి గూడే చూపించకూడదు.

"మాకు విటమిన్ చుక్కలు వేస్తేనే పిల్లలొచ్చాయి" అనేవాళ్ళు ఈపాటికి టైప్ చేస్తూనే ఉంటారు. వచ్చే ఉంటాయి. అదే వారం కొత్త గింజలు కొన్నారు, తిండిలో కోడిగుడ్డు పెట్టడం మొదలెట్టారు, ఈకలు రాల్చడం కూడా అప్పుడే అయిపోయింది. ఈసారి సీసా ఒక్కటే ఆపి మిగతావన్నీ అలాగే ఉంచి చూడండి, అప్పుడు మాట్లాడదాం.