ఏఐటీయూసీ రష్యా ఆర్డరు మీద పుట్టలేదు

మండపేట, రామచంద్రపురం వైపు రైసు మిల్లుల ముఠా (మూటలు మోసే) కార్మికుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఏఐటీయూసీ అనే జాతీయ కార్మిక సంఘాల సంస్థను 1920లో రష్యా చెప్తే కమ్యూనిస్టులు పెట్టారు, స్వాతంత్ర్య పోరాటంతో దానికి సంబంధం లేదు, అది ఫ్యాక్టరీ వాళ్ల సంఘం, మూటలు మోసేవాళ్లకు ఒరగబెట్టిందేమీ లేదు, మీ చందా పార్టీకి పోతుంది, రసీదు తీసుకోవడం మానెయ్యండి. చదివినవాళ్లలో చాలామంది నిజమే అనుకుంటున్నారు. అందుకే ఈ జవాబు.

రష్యా సంగతి ముందు చూద్దాం. 1920 అక్టోబర్ 17న అప్పటి సోవియట్ రష్యాలోని తాష్కెంట్‌లో విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్, మరికొందరు ప్రవాస భారతీయులు భారత కమ్యూనిస్టు పార్టీ పెట్టారు. అదే నెల 31న బొంబాయి ఎంపైర్ థియేటర్‌లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్, అంటే ఏఐటీయూసీ, మొదటి మహాసభ జరిగింది. నెల ఒకటే కాబట్టి రెండింటికీ ముడిపెట్టేశారు. బొంబాయి సభకు ఏర్పాట్లు జులైలోనే మొదలయ్యాయి. అధ్యక్షుడు లాలా లజపతిరాయ్. ఆహ్వాన సంఘం నడిపింది తిలక్ అనుచరుడు జోసెఫ్ బాప్టిస్టా. మోతీలాల్ నెహ్రూ, అనిబిసెంట్ వచ్చారు. వీళ్లలో కమ్యూనిస్టు ఎవరు?

అసలు తొందర వేరే దగ్గర వచ్చింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది. అక్కడికి వెళ్లే కార్మిక ప్రతినిధిని సంఘాలను సంప్రదించి ఎంపిక చేయాలి. ఆ సంస్థ వాషింగ్టన్ సమావేశానికి బ్రిటిష్ ప్రభుత్వం సంఘాల మాట అడక్కుండా తానే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషిని పంపింది. జోషి మంచివాడే, కానీ మా ప్రతినిధిని మేమే పంపుకుంటాం అన్నది సంఘాల పట్టు. అలా పంపాలంటే దేశం మొత్తానికి ఒక సంస్థ కావాలి. 64 సంఘాలు, సుమారు 1 లక్షా 40 వేల సభ్యత్వంతో అది మొదలైంది.

స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం లేదన్న మాటకు అధ్యక్షుల పేర్లు చాలు. చిత్తరంజన్ దాస్, 1929లో జవహర్‌లాల్ నెహ్రూ, 1931లో సుభాష్ చంద్రబోస్. మన తెలుగువాడు, రైల్వే కార్మికుల నాయకుడు, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1926లోనూ 1942లోనూ అధ్యక్షుడు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: గాంధీజీ అండతో నడిచిన అహ్మదాబాద్ మిల్లు కార్మికుల మజూర్ మహాజన్ ఇందులో చేరలేదు.

కమ్యూనిస్టుల పట్టు తర్వాత పెరిగిన మాట వాస్తవం. దాన్ని తెచ్చి పుట్టుకకు అంటగడితేనే అబద్ధమవుతుంది. 1929 నాగపూర్ మహాసభలో జోషి, గిరి లాంటి మితవాదులు బయటికి వెళ్లి వేరే ఫెడరేషన్ పెట్టారు. 1931లో అతివాదులు చీలిపోయి రెడ్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పెట్టారు. 1935లో అతివాదులు, 1940 నాటికి మితవాదులు తిరిగి వచ్చారు. ఆ కలయికకు పెట్టుకున్న షరతు చూడండి: రాజకీయ విషయాల మీద, సమ్మెల మీద నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు ఉండాలి. ఒక్క పార్టీ జేబు సంస్థ అయితే ఈ షరతు ఎందుకు?

మెసేజ్ రాసినవాళ్లు విమర్శించదలిస్తే అసలు విషయం వేరే ఉంది: చీలికలు, పోటీ సంఘాలు. 1947 మే 3న కాంగ్రెస్ వాళ్ల ఐఎన్‌టీయూసీ, 1948లో సోషలిస్టుల హెచ్‌ఎంఎస్, 1955లో ఆరెస్సెస్ వాళ్ల బీఎంఎస్, 1970లో సీపీఎం వాళ్ల సీఐటీయూ వచ్చాయి. కార్మికుడి బేరం బలం తగ్గింది ఇక్కడే. ఒకే మిల్లు గేటు దగ్గర మూడు జెండాలుంటే యజమాని ఏ జెండాతో మాట్లాడాలో తనే ఎంచుకుంటాడు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇదే.

ఇక మూటలు మోసేవాళ్ల సంగతి. లారీ పక్కన నిలబడి చూడండి. కొక్కెం గుచ్చి బస్తా వీపు మీదికి లాక్కుని, బల్ల మీదుగా ఎక్కి దింపుతాడు. కూలి బస్తా లెక్క. సాయంత్రం కాటా చీటీ చూసి మేస్త్రీ పంచుతాడు. నడుం పట్టేస్తే ఎవరిని అడగాలి? మిల్లు మేస్త్రీని చూపిస్తుంది, మేస్త్రీ మిల్లును చూపిస్తాడు. ఈ మనిషికి రేటు ఇంత అని రెండు వైపులా సంతకాలున్న కాగితం ఏదైనా ఉందంటే అది సంఘం చేయించిన అగ్రిమెంటే. 1948 కనీస వేతనాల చట్టం పట్టికలోనే రైసు మిల్లు పని ఉండేది, వ్యవసాయ పని కూడా ఉండేది. ఫ్యాక్టరీ వాళ్లకే అన్న మాట అక్కడే పోయింది. 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేసిన అంగన్‌వాడీ అక్కలు ఏ ఫ్యాక్టరీ వాళ్లు? సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా వాళ్లు నిలబడ్డారు. ఆ సమ్మెలో ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎఫ్‌టీయూ సంఘాలు కలిసే ఉన్నాయి. అయితే నరసాపురం, పాలకొల్లు పక్క ఇళ్లలో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ల దాకా కేంద్ర సంఘాలు సరిగా రాలేదన్న విమర్శ చేస్తే నేను కాదనను.

చందా పార్టీకి పోతుందన్నది చివరి ఆరోపణ. మీరు నేరుగా ఏఐటీయూసీ సభ్యులు కారు. మీ ఊళ్లో రిజిస్టరైన సంఘంలో సభ్యులు. ఆ సంఘం అనుబంధ రుసుము కట్టి జాతీయ సంస్థలో చేరుతుంది, మహాసభకు ప్రతినిధులను పంపుతుంది. రాజకీయ నిధి వేరుగా ఉండాలని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టమే చెప్పింది. దానికి ఇవ్వమని ఏ సభ్యుణ్నీ బలవంతపెట్టకూడదు. ఇవ్వనందుకు సంఘంలో అతని హక్కులేవీ తగ్గించకూడదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. సంఘం లెక్కల పుస్తకాలు చూసే హక్కు సభ్యుడిది. అనుమానం ఉన్నవాళ్లు రసీదు మానెయ్యక్కర్లేదు. ఈసారి జనరల్ బాడీలో లేచి, అనుబంధ రుసుము కింద ఎంత కట్టారు, మిగతాది దేనికి ఖర్చయింది, పుస్తకం చూపించండి అని అడగండి. చూపించకపోతే కార్యదర్శిని మార్చండి.