మల్లయ్య ఎవరైతే ఏంది?

(వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన మల్లయ్య అనే రైతు మీద ఒక కథకురాలు కథ రాసింది. అచ్చుకు పోకముందు ఒక రిటైరైన తెలుగు సారుకు చూపించింది. హన్మకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం బయట వాదం మొదలైంది. ఇద్దరికీ గొంతు తగ్గించే అలవాటు లేదు, అందుకే బయట.)

సారు: కథ బాగుంది బిడ్డా. కానీ సగం మల్లయ్య స్వభావానికే పోయింది. బీడీ ఎక్కడ దాచుకుంటాడు, అన్న ముందు ఎందుకు కూర్చోడు... ఇవన్నీ ఎందుకు? పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ లెక్కలో తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే అసలు కొనరు. ఆ తర్వాత ప్రైవేటు ఖరీదుదారు చెప్పిందే రేటు. ఈ దెబ్బ మల్లయ్యకు తగిలినా ఎల్లయ్యకు తగిలినా ఒకటే కదా?

కథకురాలు: రేటు ఒకటే సార్, దెబ్బ వేరు. అదే రేటు విని ఎల్లయ్య "నేను అమ్మ, ఇంటికి కొంటవోత" అని బస్తాలు ఎత్తుతాడు. మల్లయ్య "మీరెంతంటె అంతే సేటూ" అంటాడు. ఎవరు ఏ దారి పడతారో పాఠకుడు నమ్మాలంటే ఆ మనిషి ముందే తెలిసుండాలి. అన్న ముందు కూర్చోనివాడు సేటుకు ఎదురు చెప్తాడా అనే టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

సారు: టెన్షన్ జరిగేదాన్ని బట్టి వస్తుంది. విషాద నాటకానికి కథాంశమే ప్రాణం, పాత్రల స్వభావం రెండోది అని అరిస్టాటిల్ ఏనాడో తేల్చాడు. డోలు కొట్టి మల్లన్న దేవుని కథ చెప్పే మన ఒగ్గు కథే చూడు. మల్లన్న మనసులో ఎంత మథనపడ్డాడని ఎవరన్నా అడుగుతారా?

కథకురాలు: అడగరు. వినేవాళ్లకు మల్లన్న ఇంటి దేవుడు, ముందే తెలుసు. నా మల్లయ్య ఎవరికీ తెలియదు. పైగా మల్లన్న భార్య మేడలమ్మ మాట రాగానే ఒగ్గు కళాకారుడు గొంతు మారుస్తాడు. అది పాత్ర చిత్రణ కాక ఏంది? కాగితం మీద నాకు ఆ గొంతు లేదు, డోలు లేదు. ఉన్నది బీడీ ఒక్కటే.

సారు: (నవ్వి) బాగానే అన్నావ్. నా అసలు భయం వేరు. ఈ నేల మీద కథలు వెట్టి గురించి, భూమి గురించి, బొగ్గు బాయి గురించి పుట్టినయి. అవి అందరి బాధలు. నువ్వు మల్లయ్య బిడియాన్ని ఇంత బాగా రాస్తే, "ధైర్యం లేనోడు కాబట్టి మోసపోయాడు" అనుకుంటారు. మార్కెట్ తప్పు కాస్తా మల్లయ్య తప్పయి కూర్చుంటుంది.

(నా లెక్కలో వాదం మొత్తంలో బరువైన మాట ఇదే. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు.)

కథకురాలు: ఆ ప్రమాదం ఉంది సార్. అందుకే ఎల్లయ్యను పెట్టాను. బస్తాలు వెనక్కి తీసుకుపోయాడు, ట్రాలీ కిరాయి రెండుసార్లు మీద పడ్డది, చివరికి ఇంకా తక్కువకే అమ్మాడు. బిడియస్తుడూ ఓడి, ధైర్యమున్నోడూ ఓడితే, తప్పు ఎవరిదని చదివేవాళ్లే వెతుక్కుంటారు. "రైతులు నష్టపోయారు" అంటే అది జిల్లా పేజీలో రోజూ వచ్చే వార్తే.

సారు: గురజాడ సమస్య కోసమే రాయలేదా?

కథకురాలు: సమస్య కోసమే. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. అయినా ఆగకుండా 1909 నాటికి తిరగరాసి పెంచారు. మధురవాణి కూడా అందులోనే పెరిగింది. పిల్లను డబ్బుకు అమ్మే ఆ ఆచారం ఇప్పటి పిల్లలకు వివరించి చెప్పాలి. గిరీశాన్ని వివరించే పని లేదు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు విసరగానే మనిషి తెలిసిపోతాడు.

సారు: మరి కమీషన్ మీద పత్తి అమ్మించే నీ అడ్తిదారుకు బంగారు గొలుసు, పొట్ట తప్ప ఏమీ లేవేంది?

కథకురాలు: ఒక్క వాక్యంలో చెప్పేయగల పాత్రలను ఇంగ్లీషు నవలాకారుడు ఫోర్‌స్టర్ 1927లో చదును పాత్రలన్నాడు. నవలకు అవీ కావాలనే అన్నాడు.

సారు: చాయ్ తెచ్చే పిల్లగాడు చదునుగా ఉంటే సరే. కథను తిప్పేవాడే చదునుగా ఉంటే ఎట్లా? ఇందాకటి నుంచి నువ్వు చెప్పేది నీకే వర్తించదా?

కథకురాలు: (ఆలోచించి) మల్లయ్య బిడ్డ పెండ్లికి నిరుడు అప్పిచ్చింది ఆయనే అనుకోండి. అడగకముందే ఇచ్చాడు, పెండ్లికొచ్చి కట్నం కూడా చదివించాడు. ఇక మల్లయ్య పత్తిని వేరే అడ్తికి ఎట్లా తీసుకుపోతాడు?

సారు: ఇది రాయి. కానీ ఆయన మీద జాలి పుట్టించే ఊపులో కాంటా దగ్గరి మోసం తీసేస్తావేమో, చూసుకో.

కథకురాలు: ఎట్లా తీస్తాను సార్? పెండ్లిలో కట్నం చదివించినాయనే బస్తాకు రెండు కిలోలు కోస్తాడు. కోసి, "బిడ్డ మంచిగున్నదా మల్లయ్యా" అని అడుగుతాడు.