యప్ పోయి జాడ్ వచ్చె ఢాం ఢాం ఢాం

జనం చేత దరఖాస్తులు నింపించే సైట్ ఒకటుంది. పేరెందుకులెండి, మీరూ దాని బాధితులే. అందులో ఫారం తప్పులు పట్టే కోడ్‌ని ఈమధ్య యప్ అనే లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడు మూట) నుంచి జాడ్ అనే ఇంకో లైబ్రరీకి మార్చేశారట. మార్చిన కుర్రాళ్లు కేకు కోసుకున్నారు. టైప్ సేఫ్టీ వచ్చిందన్నారు, అంటే అంకె ఉండాల్సిన చోట అక్షరం పెడితే కోడ్ రాసేటప్పుడే పట్టుబడుతుందట. అంతకుముందు జేక్వెరీ ప్లగిన్ అనే ఇంకా పాత సరంజామా నుంచి యప్‌కి మార్చినప్పుడూ ఏదో వచ్చిందనే అన్నారు. 2025లో జాడ్‌కి నాలుగో వెర్షన్ దిగింది కాబట్టి ఇంకో కేకు కూడా ఖాయం.

యప్‌లో స్ట్రింగ్ (అక్షరాల వరస) పక్కన రిక్వైర్డ్, అంటే తప్పనిసరి, అని రాస్తే ఖాళీ గడిని ఒప్పుకోదు. జాడ్‌లో ప్రతి గడీ దానంతటదే తప్పనిసరి. ఇంకేం, రిక్వైర్డ్‌లన్నీ ఏరి పారేశారు. కానీ జాడ్ లెక్కలో ఖాళీ స్ట్రింగూ స్ట్రింగే. కనీసం ఒక్క అక్షరమైనా ఉండాలని విడిగా చెప్పాలి, చెప్పలేదు. ఇక అంకెల సంగతి. గడిలో 25 అని కొడితే యప్ తనే దాన్ని సంఖ్యగా మార్చుకునేది. జాడ్‌కి కోయెర్స్, అంటే బలవంతంగానైనా మార్చు, అని పురమాయించాలి. పురమాయించారు. జావాస్క్రిప్ట్‌లో (వెబ్ పేజీలను నడిపే కోడ్ భాష అది) ఖాళీని సంఖ్యగా మారిస్తే సున్నా వస్తుంది. అందుచేత పొలం ఎంతో రాయడం మరిచిపోయిన చీపురుపల్లి రైతు ఇప్పుడు సున్నా ఎకరాల ఆసామి. భూమి ఉన్నవాడూ లేనివాడూ ఒకటైపోయారు. సామ్యవాదం ఈ దారిన వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఇంత ప్రళయంలోనూ చెక్కుచెదరనిది ఒకటుంది. లాస్ట్ నేమ్ తప్పనిసరి, కనీసం మూడక్షరాలు, ఏ నుంచి జెడ్ వరకే. ఆ రెజెక్స్‌ని (ఏ అక్షరాలు, ఎన్ని ఉండాలో చెప్పే సూత్రం) పాత ఫైల్లోంచి కొత్త ఫైల్లోకి పల్లకీలో మోసుకొచ్చారు. అంటే అసలు పేరు ఖాళీగా వదిలినా ఫారం కదులుతుంది, ఇంటిపేరు పొట్టిదైతే కదలదు.

విజయనగరంలో మూడు లాంతర్ల వైపు ఏ ఇంటర్నెట్ సెంటర్‌కైనా వెళ్లి కూర్చోండి, సినిమా అక్కర్లేదు.

"ఇంటిపేరేటి తాతా?"

"ఎస్."

"ఎస్ అంటే ఏటి?"

"ఎస్ అంటే ఎస్సే బాబూ. ఆధార్‌లో అదే ఉన్నాది."

ఎస్ కొట్టాడు, ఎర్ర గీత. పక్కన చుక్క పెట్టాడు, ఎర్ర గీత. తాత తన ముత్తాత ఊరు చెప్పడం మొదలెట్టాడు. సెంటర్ కుర్రాడు ఆలోచించి ఎస్ మూడుసార్లు కొట్టాడు. పచ్చ టిక్! క్యూలో ఉన్నవాళ్లకి ప్రాణం లేచొచ్చింది. ఎస్ఎస్ఎస్ అప్పలనాయుడు గారు ఆ క్షణాన జన్మించారు.

తెలుగులో రాయొచ్చుగా అంటారా? ఏ-జెడ్‌లో అ ఆలెక్కడివి? పోనీ ఎవరో పుణ్యాత్ముడు ఏ భాష అక్షరమైనా సరే అని యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టిక) లెటర్ నియమం పెట్టాడనుకుందాం. 2018 నుంచి జావాస్క్రిప్ట్‌లో ఆ వీలుంది. అయితే మన గుణింతాలు యూనికోడ్‌లో లెటర్లు కావు, మార్కులు. వాటినీ కలపకపోతే సింహాచలం గుడి దగ్గరే ఆగిపోతుంది.

ఆ తాత గంట్యాడ నుంచి బస్సెక్కి వచ్చాడు. ఆ రోజు కూలి పోయింది, బస్సు ఛార్జీ పోయింది, సెంటర్‌లో కట్టిన డబ్బులు పోయాయి. కొన్నాళ్లకి దరఖాస్తు తిరిగొచ్చింది, పేరు ఆధార్‌తో కలవలేదట. ఈ ఎస్ఎస్ఎస్ ఎవరని అడిగారట. ఎవరేమిటయ్యా? మీరు పెట్టిన పేరే! ఇంటిపేరు ముందూ అసలు పేరు వెనకా రాసుకునే రాష్ట్రంలో పుట్టి, ఇక్కడి స్కూళ్లలోనే చదివి, మీలో ఒక్కడికీ లాస్ట్ నేమ్ ఏమిటన్న అనుమానం రాలేదా? లైబ్రరీలు మార్చడానికి టైముంది, మీ అమ్మ పేరు ఆ గడిలో ఒక్కసారి కొట్టి చూడటానికి లేదా?

టెస్టులన్నీ పాసయ్యాయట. అవుతాయి మరి. టెస్టుల్లో ఉన్నది జాన్ డో అనే ఉత్తుత్తి ఇంగ్లీషు పేరు. ఇంగ్లీషులో డోకి సరిగ్గా మూడక్షరాలు. ఆ డో గారు గంట్యాడలో ఏ వీధిలో ఉంటారో చెబితే, వెళ్లి వేలిముద్ర వేయించుకొస్తాం.