నోరు ముందా, మాట ముందా: పిల్లల కార్టూన్ల తెలుగు తంటా

పిల్లల చానెళ్లలో వినిపించేది తెలుగే, కాకపోతే అది ఏ ఊరి తెలుగో చెప్పడం కష్టం. అమలాపురంలోనో రాజోలులోనో ఆడుకునే పిల్లలు "ఒరేయ్, ఇటు రారా" అనుకుంటారు. తెరమీది కుర్రాడు మాత్రం "మిత్రమా, నేను నీకు సహాయం చేస్తాను" అంటాడు. తప్పంతా గొంతు ఇచ్చినవాళ్ల మీదికి నెట్టేస్తుంటాం గానీ, అసలు చిక్కు పని జరిగే వరసలోనే ఉంది.

యానిమేషన్‌లో సాధారణంగా ముందు మాట రికార్డు చేసి, దానికి తగ్గట్టు నోరు గీస్తారు. మన చానెళ్లలో ఎక్కువగా వచ్చే డబ్బింగ్‌లో ఇదంతా తలకిందులు: నోరు ముందే గీసి ఉంటుంది, దానికి మాట సరిపెట్టాలి. ఇంగ్లిష్ పాత్ర "హెల్ప్" అని అరిచిందనుకోండి. ఒక్క విసురు, చివర పెదవులు కలుస్తాయి. దానికి "కాపాడండి" అని రాస్తే నాలుగక్షరాలు, పైగా చివర నోరు తెరిచే ఉంటుంది. ఎంత తోసుకుంటూ పలికినా బొమ్మ నోరు మూశాక ఇంకా మాట మిగిలిపోతుంది. పని తెలిసిన రచయిత "అమ్మో!" అని రాసి ఊరుకుంటాడు. పెదవులు కలుస్తాయి, భయమూ తెలుస్తుంది. ప, బ, మ ఎక్కడ పడుతున్నాయో చూసుకుని అక్కడ అలాంటి మాటే వేస్తే, మిగతా చోట కాస్త అటూఇటూ అయినా పిల్లలు పట్టించుకోరు. వాడుక భాష ఇక్కడే అక్కరకొస్తుంది: "ఎక్కడ ఉన్నావు" అంటే ఆరక్షరాలు, "ఎక్కడున్నావ్" నాలుగింటితో సరి. అయినా పుస్తకాల తెలుగే రాస్తారు, అన్ని జిల్లాలకీ నడవాలి కదా అని!

సినిమాలు కొంత నయం. 2019 'ది లయన్ కింగ్'లో టిమోన్‌కు రాజమండ్రి మనిషి అలీ, అడవిపంది పుంబాకు బ్రహ్మానందం గొంతు ఇచ్చారు, 2024 'ముఫాసా'లోనూ వాళ్లే. ఆ నవ్వులు పండడానికి పేరున్న నటులు కావడం ఒక్కటే కారణం కాదు. అడవిపంది మూతికి పెదవుల లెక్క అంత కచ్చితంగా అక్కర్లేదు, మాటకి చోటు దొరికింది.

కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మల్లో చేతిని భుజం, మోచెయ్యి, మణికట్టు దగ్గర విడివిడిగా కోసి, దారంతో కీలు కడతారు. టీవీ కార్టూన్ల 'రిగ్' పద్ధతీ అదే. 11 నిమిషాల కథంటే సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 16,500 ఫ్రేములు. రెండు ఫ్రేములకో బొమ్మ అనుకున్నా 8,250 గీయాలి. అందుకే ఒక్కసారి ముక్కలుగా గీసి, కీళ్ల దగ్గర కలిపి తిప్పుతారు. నోళ్లూ అంతే. ఆ, ఈ, ఊ, ఏ, ఓలకు ఐదు, పెదవులు మూసినది ఒకటి, 'వ' కోసం కింది పెదవి పళ్లకు తగిలేది ఒకటి, ఈ ఏడింటితో తెలుగు పలికించొచ్చు. మూసిన నోటిని మాత్రం కనీసం రెండు ఫ్రేములు నిలపాలి, లేకపోతే కంటికి ఆనదు.

ఆ తోలుబొమ్మలాటలో కథ రామాయణమే అయినా, మధ్యలో దూరే కేతిగాడు, బంగారక్క ఊరి మాటే మాట్లాడతారు (వాళ్ల హాస్యంలో సగం పిల్లలు వినేది కాదు, అది వేరే సంగతి). మన పిల్లల కార్టూన్లలో లేనిది ఆ చొరవే. ముందు కోనసీమ పిల్లల చేత మాటలు చెప్పించి, ఆ మాటలకు నోళ్లు కట్టి ఎవరైనా ఓ 11 నిమిషాల బొమ్మ తీయాలి. దాన్ని తమ భాషలో ఇరికించే తంటా హిందీవాళ్లు పడతారు.