గంటా ఐదు నిమిషాల వారి సముఖానికి

మహారాజశ్రీ గంటా ఐదు నిమిషాల వారికి,

విశాఖపట్నం మద్దిలపాలెంలో మా పిన్ని ఇంటి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు టికెట్ల మీద సుఖంగా ఉన్నారని తలుస్తాను.

విజయవాడ గన్నవరం నుంచి విశాఖకి విమాన ప్రయాణ సమయం తామేనని చూసి, తమరి గురించి కాస్త వాకబు చేశాను. రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లు. గంటకు 800 చొప్పున 22 నిమిషాల్లో అయిపోవాలి. మిగతా 43 ఎక్కడివి? విమానం స్టాండు నుంచి కదిలినప్పుడు తమరు పుడతారట, అవతల ఆగి చక్రాలకు దిమ్మలు పెట్టినప్పుడు కన్నుమూస్తారట. మధ్యలో రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగే వంతు కోసం చక్కర్లు, లేటైతే పరువు పోకుండా ముందే కలుపుకున్న కొన్ని నిమిషాలు. పాలలో నీళ్లు కలిపితే తిడతాం. ఇక్కడేమో 'పది నిమిషాలు ముందే చేరాం' అని మైకులో చెబితే మురిసిపోతాం.

ఆ మాత్రం కల్తీకి నేనేమీ అనను. తమరు పుట్టకముందు నేను పడిన పాట్లు ఏ ఖాతాలో రాశారు? భవానీపురం నుంచి గన్నవరం దాకా ఆటో, రెండు గంటల ముందు హాజరు, బెల్టు విప్పి ట్రేలో పెట్టి ప్యాంటు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆ కాసేపు?

అసలు మొన్న తమరి దర్శనమే కాలేదు. నేరుగా వెళ్లే దాంట్లో సీటు లేదు. తమరి తోబుట్టువులిద్దరిని కుదుర్చుకున్నాను: హైదరాబాద్‌కి గంట, అక్కడి నుంచి గంటా ఇరవై. ముక్కెక్కడరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, తూర్పున ఉన్న ఊరికి పడమరగా 260 కిలోమీటర్లు పోయి, మళ్లీ వెనక్కి 510.

అదే పొద్దున మా బావ రత్నాచల్ రైల్లో విశాఖకే బయల్దేరాడు. ఐదున్నరకి ఇద్దరం ఒకేసారి గడప దాటాం. "ఇంకా రైలేనా బావా" అని నవ్వింది నేనే. శంషాబాద్‌లో ఫోన్ ఆన్ చేయగానే గోదావరి బ్రిడ్జి ఫొటోలు టపటపా వచ్చి పడ్డాయి, ఒకదాంట్లో చేతిలో వడ కూడా ఉంది. నేను గేటు దగ్గర మూడు గంటలు కూర్చున్నాను. ఇడ్లీ ధర చూసి కాఫీతో సరిపెట్టుకున్నాను.

పిన్ని ఇంటికొచ్చేసరికి మూడు. బావ స్నానం, భోజనం ముగించి లుంగీలో మజ్జిగ తాగుతున్నాడు.

"ఏం బావమరిదీ, విమానం పంక్చరైందా?"

తిరుగు ప్రయాణానికి నేనూ రత్నాచల్‌కే బుక్ చేశాను. వెయిటింగ్ లిస్ట్ 43. కన్ఫర్మ్ కాకపోతే మళ్లీ తమరి కాళ్లే పట్టుకోవాలి కాబట్టి, పైన రాసిందేదీ మనసులో పెట్టుకోవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమరి ఖాతాలో లేని ఏడు గంటల బాధితుడు